ఋణాన్ని తీసివేస్తే ధనమే

బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో ఒక చిరువర్తకుని పద్దును ఊహించుకుందాం: చేతిలో రూపాయిలో మూడవ వంతు, అప్పు సగం. రెండూ కలిపితే మిగిలేది ఆరవ వంతు అప్పే.

ఈ లెక్కకు ఆధారమైన సూత్రాలను క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో నిర్దేశించాడు. రెండు ఋణాల మొత్తం ఋణం. ధన ఋణాల మొత్తం వాటి భేదం. శూన్యం నుండి ఋణాన్ని తీసివేస్తే ధనం. అప్పు మాఫీ కావడం లాభమే కదా! భిన్నాల సంకలనానికి అవసరమైన కనిష్ఠ సామాన్య గుణిజాన్ని 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు ‘నిరుద్ధ’మన్నాడు. ఆయన ‘గణితసారసంగ్రహా’న్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

రైల్వే ఉద్యోగాల వల్ల ఇక్కడ స్థిరపడిన తెలుగువారి పిల్లలు హిందీ పాఠంలో వినే ధన, ఋణ శబ్దాలు తెలుగు గణితానివి కూడా. ఆ బంధుత్వాన్ని పెద్దలు చెప్పకపోతే, వారసత్వపు పద్దులో అది తీరని ఋణమే.