కుశస్థలి ఒడ్డున గులకరాళ్ళు



ఊత్తుకోట, తిరువళ్ళూరు ప్రాంతపు శ్రోతలారా, మీ ఇంటి సన్నికల్లు మీద నున్నటి పొత్రం ఉందా? ఒకసారి తడిపి చూడండి. తడిస్తే రాయి తన పొరలు దాచుకోలేదు. చారలు కనబడితే, ఒకప్పుడు ఇసుకో ఒండ్రో పొరలుగా పేరుకొని గట్టిపడి ఉండవచ్చు. మేకుతో గీస్తే ఇసుక రాలేది ఇసుకరాయి. గీరిన పొడి మీద నిమ్మరసం వేస్తే నురగ కట్టేది సున్నపురాయి. మేకుకు లొంగక, పైగా గాజునే గీసేది చాలామటుకు క్వార్ట్‌జైట్. ఇసుకరాయే భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారిన రూపమది. శాస్త్రజ్ఞులు దానిని రూపాంతర శిలల్లో చేరుస్తారు గాని, పుట్టుక ఇసుకలోనే.

ఇవి ఇంత నున్నగా ఎలా అయ్యాయి? మన కుశస్థలే అరగదీసిందనుకుంటాం. అంత ఘనత ఆ నదికి ఇవ్వనక్కరలేదు. సత్యవేడు, అల్లికుళి కొండల్లో గులకరాళ్ళు ముద్దకట్టిన శిలలున్నాయి. రాక్షసబల్లుల కాలపు ప్రవాహాలు దొర్లించి తెచ్చి పడేసినవవి. వానలకు కొండ కరిగి, ఆ రాళ్ళే తిరిగి వాగుల్లో పడుతున్నాయి.

ఆదిమానవుడికి ఇదే రాతి గని అయింది. 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మద్రాసు దగ్గర పల్లావరంలో, కంకర కోసం తవ్విన గుంటలో, చెక్కిన క్వార్ట్‌జైట్ రాతి పనిముట్టును గుర్తుపట్టాడు. ఆ సెప్టెంబరులోనే ఆయనా విలియం కింగూ కుశస్థలి పక్క అత్తిరంపాక్కంలో మరెన్నో చూశారు. అక్కడి తవ్వకాల ఆధారంగా 2011లో శాంతి పప్పు బృందం ప్రకటించిన వయసు 10 లక్షల ఏళ్ళకు పైమాటే; బహుశా 15 లక్షలు.

మామూలు గులకరాయికీ పనిముట్టుకూ తేడా ఏమిటి? ఏటి దెబ్బలకు రాయి ఎక్కడపడితే అక్కడ చిట్లుతుంది, ఆ గాట్లూ మళ్ళీ అరుగుతాయి. మనిషి కొడితే పెచ్చులు వరుసగా లేస్తాయి. రెండు ముఖాల నుంచీ వచ్చి ఒకే అంచు దగ్గర కలుస్తాయి. కొన్నింటికి పిడి వైపు పాత నునుపు అలాగే మిగిలి ఉంటుంది. అరచేతిలో పెట్టుకుంటే తెలిసిపోతుంది లెండి!

ఫుట్ కంట పడింది కంకర గుంటలో. ఈనాడు కంకర యంత్రాలతో లేస్తోంది, రోడ్డు కింద పడుతోంది. ఎవరూ వంగి చూడటం లేదు. అలాంటి రాయి మీకు నేలలో కనబడితే పెకలించకండి. చోటు గుర్తు పెట్టుకొని, పూండిలోని పురావస్తు ప్రదర్శనశాల వారికి చెప్పండి. రాయి ఏ పొరలో దొరికిందన్నదాన్ని బట్టే దాని వయసు తేలుతుంది.