పటం కథాగానం

పటం కథాగానం తెలంగాణలో బొమ్మల ముందు పాడి వినిపించే కులపురాణ ప్రదర్శన. సుమారు మూడు అడుగుల వెడల్పు, కొన్నిసార్లు అరవై అడుగుల పొడవుండే బట్టపై నకాషీ చిత్రకారులు కథను వరుసగా చిత్రిస్తారు. చింతగింజల అంబలి, సుద్ద పూసిన బట్టపై ఎర్రని నేపథ్యం దీని గుర్తు. ఇప్పుడు ఈ చిత్రకళకు కేంద్రం చేర్యాల.

పటానికి పూజ చేసి, చుట్టను మెల్లగా విప్పుతూ, ప్రధాన కథకుడు కర్రతో బొమ్మను చూపుతూ పాడతాడు. వంత పాడేవారు అందుకుంటారు, తాళాలు, మద్దెల, తరువాత వచ్చిన హార్మోనియం తోడవుతాయి. పాట సాగినంత మేరకే పటం విచ్చుకుంటుంది. చిత్రం, సంగీతం ఇంతగా కలిసిపోయిన కళలు అరుదు.

పలు కులాలకు వేరువేరు గాయకులున్నారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. చౌటుప్పల్, పుట్టపాక, పోచంపల్లి నేతపల్లెలు కావడంతో ఆ ప్రాంతంలో పద్మశాలీల మూలపురుషుడైన భావనారుషి కథకు ప్రత్యేక స్థానముంది.

చిరిగిన పటాలను నీటిలో కలపడం ఆచారం. అందుకే పాతవి కొద్దిగానే మిగిలాయి. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియం కొన్నింటిని భద్రపరిచింది. పాట లేకుండా గోడకు వేలాడే పటం సగం కళే. మ్యూజియంలు ఈ గాయకులను కూడా పిలిచి పాడించాలి.