రేణిగుంట టు కాశీ, వయా హైదరాబాద్

రేణిగుంట విమానాశ్రయంలో తనిఖీ బల్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఇది ఏ ఊరో ఎవరూ చెప్పక్కర్లేదు. గుండు మీద చందనం ఇంకా ఆరి ఉండదు. బెల్టు, ఫోను, పర్సు వేసిన ట్రేలోనే లడ్డూల సంచి కూడా ఎక్స్‌రే పెట్టెలోకి దూరుతుంది. కొండ దిగి నేరుగా కాశీకి బయల్దేరినవాళ్లూ ఆ వరసలో కనిపిస్తారు.

రేణిగుంట నుంచి కాశీ విమానాశ్రయం ఉన్న బాబత్‌పూర్‌కు సూటిగా లెక్కేస్తే సుమారు 1,350 కిలోమీటర్లు. ఆగకుండా ఎగిరితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. హైదరాబాద్‌లో విమానం మారితే శంషాబాద్‌కు 420, అక్కణ్నుంచి కాశీకి ఇంకో 1,020. పెరిగింది తొంభై కిలోమీటర్లే, గాలిలో ఆరేడు నిమిషాల దూరం. అసలు పొద్దంతా పోయేది శంషాబాద్‌లో కుర్చీకి అతుక్కుని.

ఈ హైదరాబాద్ మలుపు మాత్రం కొత్తది కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాద్ చేరాడు. అక్కణ్నుంచి నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ. ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అనే కాలం అది. ఎంత ఉద్యోగి అయినా బోయీల భుజాల మీది పల్లకీయే ఆయనకు వాహనం. పైగా పెద్ద పరివారం వెంట ఉంది. వానాకాలంలో నల్లరేగడి నేలలు దాటాలి. బోయీ కాలు బురదలో దిగబడితే ఆ పూట ప్రయాణం అంతటితో సరి.

ఆయన దూరాన్ని గంటల్లో చూడలేదు, మజిలీల్లో చూశాడు. ఊరికీ ఊరికీ మధ్య దూరమెంత, బాట ఎలాంటిది, మంచినీళ్లు దొరుకుతాయా, అంగళ్లున్నాయా? వెనక వచ్చేవాడికి పనికొచ్చేవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఉత్తరాలుగా రాశాడు. వీరాస్వామయ్య 1836లో పోయాడు. ఆ ఉత్తరాలను పిళ్లె 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. దాన్ని యాత్రాసాహిత్యమని పొగుడుతాం గానీ, నా మటుకు నాకు అది మొదట టైంటేబులు, సాహిత్యం ఆ తరువాతే.

తిరుపతి దాటాక ఆయన పట్టిన దారి బాలపల్లె కనుమ, కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట, కడప. తరువాత మద్రాసు రైలు కంపెనీ పట్టాలు పరిచిందీ ఈ వరసలోనే. కొండల నడుమ సందు ఎక్కడుందో బోయీలకూ ఇంజనీర్లకూ ఒక్కటే తెలివి. 1871లో ఆ లైను రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలతో కలిసింది. నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది.

ఇక విమానం. తిరుపతిలో ఆ మాటకు శతాబ్దాలుగా ఉన్న అర్థం ఆనందనిలయం మీది శిఖరం. ఎగిరే విమానం కోసం రేణిగుంటలో కట్టిన కొత్త టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రధాని ప్రారంభించారు. దాని పేరు గరుడ.

చిత్తూరువాళ్ల లెక్క వేరు. రేణిగుంట చేరడానికే దాదాపు రెండు గంటలు, విమానం కంటే రెండు గంటల ముందు హాజరు. హైదరాబాద్‌కు గాలిలో ఉండేది గంట, గంటంబావు. నేల మీది నాలుగు గంటలను టికెట్టు మీద ఎవరూ అచ్చువేయరు. వీరాస్వామయ్య అయితే రాసేవాడే.

హైదరాబాద్ విమానంలో ఎడమ కిటికీ దొరికితే, లేచిన కాసేపటికి శేషాచలం అడవులు కిందికి వస్తాయి. బాలపల్లె కనుమ ఆ పచ్చదనంలోనే ఎక్కడో ఉంటుంది. వెతికేలోపే మబ్బు అడ్డొస్తుంది. కనుమ దాటి పోయిన వీరాస్వామయ్య మళ్లీ ఆ దారిన రానే లేదు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని, సముద్రతీరం పట్టుకుని నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు.