శిశు సంరక్షణ కేంద్రాలకు ప్రభుత్వ సహాయం (భారతదేశం)

శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్) అనగా తల్లి పనికి వెళ్ళిన సమయంలో ఆరు సంవత్సరాల లోపు పిల్లలను కనిపెట్టి చూసే స్థలం. భారతదేశంలో ఇటువంటి కేంద్రాలను స్థాపించి నడిపే స్వచ్ఛంద సంస్థలకు కేంద్ర ప్రభుత్వం 1975లో గ్రాంటు ఇవ్వడం ప్రారంభించింది. దీనిని వ్యాపారంగా చేపట్టేవారికి మాత్రం బ్యాంకు ఋణాలే ప్రధాన ఆధారం. కేంద్రం లేని ఊరిలో ఈ బాధ్యత సాధారణంగా ఇంటిలోని పెద్ద ఆడపిల్లపై పడుతుంది. తమ్ముణ్ణి ఎత్తుకోవడం కోసం బడి మానిన బాలికలను ఎరుగని ఉపాధ్యాయులు అరుదు.

నేపథ్యం

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే కర్మాగారాలలో పిల్లల గదిని తప్పనిసరి చేసింది. 1976 సవరణతో ఈ సంఖ్య 30కి తగ్గింది. పొలాలలోను, ఇళ్ళలోను పనిచేసే స్త్రీలకు ఈ చట్టం వర్తించలేదు. 1969లో మీరా మహదేవన్ ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కొరకు మొబైల్ క్రెషెస్ సంస్థను ప్రారంభించారు. 1974లో జాతీయ బాలల విధానం వెలువడింది, మరుసటి సంవత్సరం గ్రాంటు పథకం మొదలైంది. దీనిని అమలు చేసిన సంస్థలలో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఒకటి. 1953లో ఏర్పడిన ఈ మండలికి తొలి అధ్యక్షురాలు రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

గ్రాంటు లెక్క

2006 జనవరి 1న పాత పథకాన్ని, 1994లో ఏర్పడిన జాతీయ క్రెష్ నిధిని కలిపి రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకాన్ని ప్రవేశపెట్టారు. 25 మంది పిల్లలుండే ఒక కేంద్రానికి నెలకు 3,532 రూపాయలు, అంటే సంవత్సరానికి 42,384 రూపాయలు గ్రాంటు. ఇందులో 2,000 రూపాయలు ఇద్దరు కార్యకర్తల గౌరవ వేతనానికే సరిపోయేవి. పౌష్టికాహారానికి ఒక్కొక్క బిడ్డకు రోజుకు 2 రూపాయల 8 పైసల చొప్పున లెక్కించి, ఆహారానికి, మందులకు, చిల్లర ఖర్చులకు అయ్యే మొత్తంలో పది శాతాన్ని సంస్థ భరించాలన్నారు. నెలవారీ లెక్కలో ఇంటి అద్దె అనే పద్దే లేదు. పట్టణంలో ఒక గది అద్దెకు తీసుకోవాలన్నా ఇతరుల విరాళం వెతుక్కోవలసిందే. పథకం వ్యాపించకపోవడానికి ప్రజలలో అవసరం లేకపోవడం కారణమనే వాదన ఈ లెక్క ముందు నిలవదు.

2017లో పథకం జాతీయ క్రెష్ పథకంగా మారి, నిర్వహణ రాష్ట్రాలకు బదిలీ అయింది. చాలా రాష్ట్రాలలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 30 శాతం, సంస్థ 10 శాతం భరించవలసి ఉండేది. కార్యకర్తకు 3,000, సహాయకురాలికి 1,500 రూపాయలుగా గౌరవ వేతనం పెరిగింది. కేంద్రాల సంఖ్య మాత్రం పడిపోయింది. 2010 దశకం ఆరంభంలో 20,000 దాటి ఉన్న కేంద్రాలు 2020 నాటికి 7,000 లోపుకు తగ్గాయి.

ఋణాలు

2013లో ఏర్పడిన భారతీయ మహిళా బ్యాంకు పిల్లల డే కేర్ కేంద్రాలు పెట్టదలచిన స్త్రీల కొరకు ప్రత్యేక ఋణ పథకాన్ని నడిపింది. ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది. 2015లో మొదలైన ముద్ర యోజన కింద సేవా వ్యాపారాలకు పూచీకత్తు లేకుండా 10 లక్షల రూపాయల వరకు ఋణం లభించేది. మునుపటి ఋణాన్ని సక్రమంగా తీర్చినవారికి 2024లో ఈ పరిమితిని 20 లక్షలకు పెంచారు. ఋణాన్ని తిరిగి కట్టాలి కనుక, నెలకు వేల రూపాయల రుసుము ఇవ్వగల నగర కుటుంబాలకే ఇటువంటి కేంద్రాలు అందుబాటులో ఉంటాయి.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో క్రెష్‌ను తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఈ నియమాన్ని నిలుపుకొంటూ, పలు సంస్థలు కలిసి ఒకే కేంద్రాన్ని గాని, ప్రైవేటు కేంద్రాన్ని గాని వినియోగించుకొనే వీలు కల్పించింది. ప్రైవేటు నిర్వాహకులకు నిలకడైన రాబడి దొరికే మార్గం ఇదే.

పాల్నా

2022 ఏప్రిల్ నుండి క్రెష్ పథకం మిషన్ శక్తిలో భాగమై పాల్నా (ఊయల) అనే పేరు పొందింది. 2025-26 నాటికి 17,000 అంగన్‌వాడీలను క్రెష్‌తో కూడిన కేంద్రాలుగా మార్చాలని లక్ష్యం పెట్టుకొన్నారు. అంగన్‌వాడీకి స్థలం ముందే ఉంటుంది కనుక అద్దె సమస్య తప్పుతుంది. అయితే మామూలు అంగన్‌వాడీ మూసే వేళకు కూలి తల్లి ఇంకా పొలంలోనే ఉంటుంది. అందువలన ఈ కేంద్రాలకు అదనంగా ఒక క్రెష్ కార్యకర్తను, ఒక సహాయకురాలిని నియమించాలని పథకం నిర్దేశించింది.