సిఫిలిస్: పుండు మానినంత మాత్రాన వ్యాధి నయమైనట్లు కాదు

పెద్దలు సవాయి రోగమని వ్యవహరించే సిఫిలిస్ వ్యాధికి ట్రెపొనీమా పాలిడమ్ అనే సూక్ష్మజీవి కారణమని 1905లో జర్మనీ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. లైంగిక సంపర్కం ద్వారాను, గర్భిణి నుంచి శిశువుకును ఇది సంక్రమిస్తుంది.

సోకిన 10 నుంచి 90 రోజులలో, సాధారణంగా మూడు వారాలకు, జననాంగాలపై గాని నోటిలో గాని పుండు ఏర్పడుతుంది. దానికి తరచు నొప్పి ఉండదు. ఏ మందూ వాడకున్నా మూడు నుంచి ఆరు వారాలలో దానంతటదే మానిపోతుంది. పసరు పూసినవారికి ఆ పసరే పనిచేసిందన్న భ్రమ కలిగేది ఇందువల్లనే. పిదప అరచేతులు, అరికాళ్లపై దద్దుర్లు వచ్చి, అవీ తగ్గిపోతాయి. వ్యాధి మాత్రం ఏళ్ల తరబడి దాగి ఉండి, కొందరిలో గుండెను, మెదడును, కంటిచూపును దెబ్బతీస్తుంది. గర్భిణికి చికిత్స అందనిచో గర్భస్రావం లేదా మృతశిశు జననం సంభవించవచ్చు.

కనుక రక్తపరీక్షే ఆధారం. ప్రభుత్వ ఆసుపత్రులలో ఆర్‌పిఆర్ లేదా విడిఆర్ఎల్ పరీక్ష చేస్తారు. వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కతో హెచ్‌ఐవి, సిఫిలిస్ రెండింటినీ ఒకేసారి పరీక్షించే కిట్లు కూడా వచ్చాయి. పుండు కనిపించిన తొలి రోజులలో ఫలితం నెగెటివ్‌గా రావచ్చు. అట్టివారు కొన్ని వారాల తరువాత మరల పరీక్ష చేయించుకోవాలి. తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఇంజక్షన్ ఒక్కటి చాలును. సోకి ఏడాది దాటినవారికి, లేదా ఎప్పుడు సోకిందో తెలియనివారికి వారానికొకటి చొప్పున మూడు అవసరం. ఆర్‌పిఆర్ ఫలితం 1:32 నుంచి 1:8కి, అనగా నాలుగో వంతుకు దిగితే మందు పనిచేసినట్లు భావిస్తారు.

తుమ్మలపెంట, మైపాడు, కృష్ణపట్నం వంటి నెల్లూరు తీరగ్రామాలలో చిక్కు మందుతో కాదు, సమయంతో. గర్భిణికి వ్యాధి బయటపడినపుడు భర్త వేటలోనో, పొరుగు రేవులోనో ఉండవచ్చు. ఆయనకు చికిత్స జరగనిచో భార్యకు మరల సోకుతుంది. తూర్పు తీరంలో మరపడవల వేటను నిషేధించే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు గల 61 రోజులు మూడు ఇంజక్షన్లూ పూర్తిచేయడానికి అనువైన కాలం. అయితే పుండు ఉన్నవారు, గర్భిణులు అంతవరకు ఆగరాదు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు జరిపే ఉచిత పరీక్షలలో సిఫిలిస్ పరీక్ష కూడా ఉంది. ఆనాడు భర్త కూడా వెంట వచ్చి రక్తం ఇవ్వవచ్చును.