సి. నారాయణరెడ్డి

'సినారె'గా ప్రసిద్ధుడైన సింగిరెడ్డి నారాయణరెడ్డి (జూలై 29, 1931 - జూన్ 12, 2017) తెలుగు కవి, సినీ గేయ రచయిత, ఆచార్యుడు.

జననం, విద్య

ఇతడు నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో రైతు కుటుంబంలో జన్మించాడు. కరీంనగర్‌లో ఉన్నత పాఠశాల విద్య అభ్యసించాడు. నిజాం పాలనలో బోధన ఉర్దూలో సాగినందున బి.ఎ. వరకు ఆ మాధ్యమంలోనే చదివాడు. అయినప్పటికీ తెలుగులో ఎం.ఎ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వంపై పరిశోధనకు 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

పాటలు, గజళ్ళు

ఎన్.టి. రామారావు ఆహ్వానంపై గులేబకావళి కథ (1962) చిత్రానికి పాటలన్నీ వ్రాసి సినీరంగంలో ప్రవేశించాడు. మొత్తం 3000కు పైగా సినిమా పాటలు రచించాడు. చిన్ననాటి ఉర్దూ పరిచయం తెలుగు గజళ్ళ రచనకు తోడ్పడింది. వాటిని సభలలో స్వయంగా గానం చేసేవాడు.

పురస్కారాలు

విశ్వంభర కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. విశ్వనాథ సత్యనారాయణ తరువాత ఈ గౌరవం పొందిన రెండవ తెలుగు రచయిత ఇతడే. 1992లో పద్మభూషణ్ స్వీకరించాడు. 1997లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు.