ప్రాచీన దారునిర్మాణముల పరీక్షయు రక్షణమును



పాశమైలారము నేడు యంత్రశాలలకు పేరుగన్న ఊరు. పటాన్‌చెరువు మొదలు సంగారెడ్డి వఱకు గల యీ సీమలో వడ్రంగుల యిండ్లలో పుట్టిన యువకులు పెక్కురు ఉలిని విడిచి కర్మాగారములలో కుదురుకొనుచున్నారు. జీవనమునకై చేసెడి పనిని తప్పుపట్టజాలము. అయినను తాత యెఱిగిన విద్య మనుమనికి అందకయే అంతరించుచున్నదను సంగతి ఈ సభవారికి విన్నవింపక తప్పదు.

హైదరాబాదులోని బాదుషాహీ ఆశుర్‌ఖానాను చూడుడు. చార్మినారు వెలసిన 1591కి పిమ్మట కొద్ది యేండ్లలోనే మహమ్మదు కులీ కుతుబుషా దానిని కట్టించెను. 1687లో గోలకొండ మొగలాయీల వశము కాగా ఆ మందిరము ఆదరణ కోలుపోయెను. నిజామలీఖాను ఏలుబడిలో (1762–1803) అది మరల ఉద్ధరింపబడెను. ముందటి యెత్తైన కొయ్యస్తంభముల చావడి అప్పుడు చేర్చబడినదే. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి మూసీ వఱద లోపలి గోడల పెంకులపనిని క్రిందిభాగమున చెఱచెను. కట్టించిన ప్రభువుల పేళ్లను చరిత్ర చెప్పును. కొయ్య చెక్కిన చేతులను అరుదుగా తలచును.

కొయ్యకు వయస్సు శత్రువు కాదు. విడువని తేమయే శత్రువు. చెమ్మ నూటికి 20 పాళ్లు మించి నిలిచిన చోట బూజు పుట్టి చేవను తినును. చెదయు అచ్చటికే చేరును. కావున దూలము నడుమ చూచి తృప్తిపడరాదు. గోడలో దాగిన కొనయు, నేలనంటిన స్తంభపుటడుగును, కప్పు కారెడి చోటును ముందుగా పరీక్షింపవలెను. మన పెద్దలు కొడతితో తట్టి ధ్వని వినెడివారు, మొనగల పనిముట్టుతో గ్రుచ్చి చూచెడివారు. నేటి శాస్త్రజ్ఞులు చెమ్మను కొలుచు యంత్రమును, సన్నని సూదివంటి బరమాను లోనికి పంపి గట్టిదనమును గుర్తించు రెసిస్టోగ్రాఫును వాడుచున్నారు. ఈ రెండును ఒకే ప్రశ్నను అడుగుచున్నవి: లోపల చేవ యెంత మిగిలినది?

ఆ పిమ్మటనే చికిత్స. మొదట కప్పు కారుట మాన్పవలెను. కుళ్లిన భాగమును మాత్రమే కోసి, అదే జాతి యెండిన కొయ్యను ఏటవాలు అతుకుతో చేర్చవలెను. బరువు చాలనిచో ఉక్కుపట్టీ తోడు చేయవచ్చును. దూలపు కొనను సిమెంటుతో మూసివేయరాదు, గాలి ఆడనిండు. 2017లో ఢిల్లీ నగరమున ఇకోమోస్ అను అంతర్జాతీయ సంస్థ అంగీకరించిన సూత్రములును కనీస మార్పునే కోరి, సంప్రదాయ వృత్తిజ్ఞానమును కాపాడుడని చెప్పుచున్నవి.

2019లో పారిసునందలి నోత్ర్‌దామ్ ఆలయపు కప్పు దగ్ధము కాగా, ఓకుదూలములను చేతిగొడ్డళ్లతో చెక్కి నిలిపిరి. 2024 డిసెంబరులో ఆలయము తిరిగి తెఱువబడెను. అచ్చట ఆ పని తెలిసినవారు మిగిలియుండిరి కావుననే అది సాధ్యమయ్యెను.

మన గ్రామములలో పాతయిండ్లు కూలినపుడు టేకుస్తంభములు బేరమునకు పోవుచున్నవి. కూల్చుటకు ముందు ఒక్కమాఱు తట్టి చూడుడు. వృద్ధ వడ్రంగుల యొద్ద ఇద్దఱేసి బాలురనైన కూర్చుండబెట్టుడు. స్తంభము పోయిన మఱియొకటి నిలుపవచ్చును; నిలుపనేర్చిన చేయి పోయిన, దానిని ఏ యంత్రశాలయు తయారుచేయజాలదు.